ఆదివారం సొరంగం

అప్పలసూరి ఆదివారం పూట ఇంట్లో ఉండడని గాజువాకలో వాళ్ల వీధి మొత్తానికి తెలుసు. ఎక్కడికి వెళ్తాడో మాత్రం ఎవరికీ తెలియదు. కట్టుకున్న సన్యాసమ్మకీ తెలియదు. ఆమె అడగదు.

గడప దాటుతున్న మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్లిన పని చెడుతుందన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉన్నదే. కానీ చాలా ఇళ్లలో దానికో దొడ్డిదారి కూడా ఉంటుంది. "దూరమేనా?" అంటారు. "రావడం ఏ వేళవుతుందో?" అంటారు. చోడవరం పక్క పల్లెలో పుట్టి పెరిగిన సన్యాసమ్మ ఆ దొడ్డిదారిని ఒప్పుకోదు. వాళ్లమ్మ ఒకసారి అలాగే తిప్పి అడిగిందట. సంతకి ఎద్దును తోలుకెళ్తున్న తండ్రి ఎద్దుతో సహా కాలవగట్టు మీంచి బురదలో పడ్డాడట.

"మా అయ్య లేసినాడు గానీ ఎద్దు లెగనేదు" అంటుంది సన్యాసమ్మ. ఎద్దు సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు తగ్గిస్తుంది.

అప్పలసూరికి ఇది బాగా కలిసొచ్చింది. ఆమె అడగదు కాబట్టి అతను చెప్పక్కర్లేదు. చెబితే ఆపుతుందని అతనికి తెలుసు.

అతను వెళ్లేది సొరంగాలకి. రైళ్లు తిరగని, రైల్వేవాళ్లు ఎప్పుడో వదిలేసిన సొరంగాలకి.

వారంలో ఆరు రోజులూ అతని లోకం ఆటోనగర్. దేవీప్రసాద్ గారి వైండింగు షాపులో కాలిపోయిన మోటార్లు విప్పి, మాడిన రాగి తీగ లాగేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టడం పని. మీసం రాకముందు ఊరు వదిలి వచ్చి ఆ బల్ల ముందు కూర్చున్నాడు. మీసం నెరిసినా అక్కడే ఉన్నాడు. ఎడమ పక్క షెడ్డులో రేకులు కొడతారు. కుడి పక్కన గ్రైండింగు. ఎదురుగా లారీ బాడీలు కడతారు. మాట్లాడాలంటే అరవాలి. ఆ అరుపు అలవాటై ఇంట్లో కూడా ఉప్పు వేయమని అరిచేవాడు. రాత్రి మేడెక్కి పడుకుందామంటే స్టీలు ప్లాంటు వైపు ఆకాశం ఎర్రగా వెలుగుతూనే ఉండేది. చీకటి, నిశ్శబ్దం అనేవి ఉంటాయని అతను మర్చిపోయి చాలా కాలమైంది.

అనంతగిరి కొండల్లో ఒక చిన్న స్టేషనుకి నీళ్లు తోడే మోటారు ఒకసారి కాలిపోయింది. బాగుచేసిన మోటారుని తీసుకెళ్లి బిగించి రమ్మని దేవీప్రసాద్ గారు అతన్ని కిరండూల్ పాసింజరెక్కించారు. పని గబుక్కున అయిపోయింది. తిరుగు రైలు సాయంత్రానికి గానీ లేదు. పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్ ఒకతను బీడీ వెలిగించుకుంటూ, "ఊరికే కూకుంటే తోచదు గానీ, ఆ ఎనకాల పాత గుహ ఉంది, సూసి రా" అన్నాడు.

పూర్వం లైను వేసేటప్పుడు ముందు అక్కడే తవ్వారనీ, కొండ నిలవక జారుతుంటే ఆ పని మానేసి పక్కన ఇంకోటి తవ్వుకున్నారనీ ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. తుప్పలు తప్పించుకుని వెళ్లాడు. నడి ఎండాకాలం. సొరంగం నోటి దగ్గరికి రాగానే లోపలి నుంచి చల్లటి గాలి కాళ్లకి తగిలింది. ఫోను లైటు వేసుకుని లోపలికి నడిచాడు. ఒక మలుపు తిరిగాక వెనక్కి చూస్తే వెలుతురు లేదు. లైటు ఆర్పేశాడు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. ఎక్కడో పైనుంచి నీటి చుక్క పడుతోంది. అది తప్ప ఏ చప్పుడూ లేదు. అప్పలసూరి ఒక రాయి మీద కూర్చుని, రైలు వేళ దాకా లేవలేదు.

ఆ తర్వాత నెలకొకసారి, పోనుపోను ప్రతి ఆదివారం. ఆ కొండల్లో అలాంటివి ఇంకా ఉన్నాయని గ్యాంగ్‌మన్ల దగ్గర కూపీ లాగాడు. మోకాటిలోతు నీళ్లు నిలిచినదొకటి, నాలుగడుగులు తవ్వి వదిలేసినదొకటి, తేనెపట్లతో నోరు మూసుకుపోయినదొకటి. అన్నీ చూశాడు. చూసి మళ్లీ మొదటిదానికే వచ్చాడు. దాని గోడల మీద మందుగుండు కూరడానికి వేసిన కన్నాల చారలు వేళ్లకి తగులుతాయి. పక్కగా మనిషి నిలబడేంత గూళ్లున్నాయి, రైలు వచ్చినప్పుడు పనివాళ్లు ఒదిగి నిలబడడానికి చెక్కినవి. ఆ సొరంగంలోకి రైలు రానే లేదు కనుక ఆ గూళ్లలో ఎవరూ ఒదగలేదు. అప్పలసూరి ఒకదాంట్లో కూర్చుని అన్నం మూట విప్పుకునేవాడు.

ఇంటికి వచ్చేసరికి అతని ఒంటి మీద ఎర్రమట్టి, గబ్బిలాల కంపు. పక్కింటి ఇంద్రజ సన్యాసమ్మని కదిపేది.

"అత్తా, మావయ్య ఆదివారం ఎక్కడికో గానీ ముస్తాబు నేకుండా ఎల్తన్నాడు, అదొక్కటే నయం."

"ఎల్లినప్పుడు కాదే, వొచ్చినప్పుడు రా, ఆ కంపు సూద్దువు గాని. ఆ కంపుకి ఓర్సుకున్న ఆడది ఎవలైనా ఉంటే దండమెట్టి నానే అప్పజెప్పీస్తాను."

అలా ఏళ్లు గడిచాయి. అందరూ సుఖంగానే ఉన్నారు.

వానలు వెనకబట్టిన తర్వాత ఒక ఆదివారం అతను లోపలి చివరిదాకా వెళ్లాడు. చివర అంటే సొరంగం అయిపోయిన చోటు కాదు, పైకప్పు కూలి రాళ్లు అడ్డంగా పడ్డ చోటు. ఆ రోజు ఆ రాళ్ల సందుల్లోంచి గాలి వస్తోంది. అవతలి నోరు తెరుచుకుందేమో అనిపించింది. ఇన్నేళ్లలో రాని గాలి. ఎక్కి చూద్దామని రెండు రాళ్లు ఎక్కాడు. మూడోది కదిలింది. పాదం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని, ఒళ్లు ఇంకో వైపు ఒరిగింది. మడమ దగ్గర ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు.

పాదం ఊడదీసుకోగలిగాడు గానీ నిలబడలేకపోయాడు. కూర్చుని, చేతుల మీద వెనక్కి జరుగుతూ మొదటి గూడు దాకా వచ్చేసరికి ఒళ్లంతా చెమట. ఫోనుకి అక్కడ సిగ్నలు ఉండదు. అరిచాడు. ఆటోనగర్లో అరిచిన గొంతే, కానీ వినేవాళ్లు లేరు.

చీకటికి అతను భయపడలేదు. అది తెలిసిన చీకటే. కాసేపటికి వేరే సంగతి తట్టింది. నన్ను వెతకడానికి బయల్దేరితే ఎటు బయల్దేరతారు? సన్యాసమ్మకి తెలీదు. కూతురు యశస్వినికి తెలీదు. షాపులో తెలీదు. ఇన్నాళ్లూ ఎంత హాయిగా ఉందనుకున్నాడో అదే ఇప్పుడు గుండెల మీద కూర్చుంది.

అతన్ని కాపాడినవి అతని చెప్పులు. లోపల బురద కాబట్టి సంచిలో పాత బూట్లు తెచ్చుకునేవాడు; చెప్పులు సొరంగం నోటి దగ్గర విప్పి, బూట్లు వేసుకుని వెళ్లేవాడు. ఆ కొండ మీద మేకలు కాసుకునే పోతమ్మ పొద్దున్న ఆ చెప్పుల్ని చూసింది. పొద్దువాలాక మేకల్ని మళ్లించుకుని వస్తూ మళ్లీ చూసింది.

"ఓ బావూ! నోపలున్నావేటి? సెప్పులు ఇక్కడే ఉన్నాయి, రైలెల్లిపోనాది!"

అప్పలసూరి లోపల్నుంచి బదులు కేకేశాడు. ఆమె ఊళ్లోకి పోయి మనుషుల్ని తెచ్చింది. కర్రకి దుప్పటి కట్టి డోలీలో స్టేషనుకి మోసుకొచ్చారు. స్టేషను నుంచి ఇంటికి ఫోను చేయించి, దొరికిన జీపులో పంపించారు.

ఆస్పత్రిలో కాలికి కట్టు కట్టించుకుని పడుకున్నాక, ఇంటి దగ్గర ఏం జరిగిందో బావమరిది కొండలరావు చెప్పాడు. కొండలరావు పోర్టులో క్రేను ఆపరేటరు. ఏదైనా ఎత్తి దించినట్టే చెబుతాడు.

"బావా, నువ్వక్కడ సల్లగా కూకున్నావు. ఇక్కడ నా పాట్లు సూడాలి. అక్కనడిగితే నానడగనేదు, నాకు సెప్పనేదు అంటాది. సరే అని పోలీసోడి కాడికెల్లినాను. ఎక్కడికెళ్లాడన్నాడు. తెల్దన్నాను. ఎవరితో అన్నాడు. తెల్దన్నాను. పోనీ ఏ దిక్కు అన్నాడు. తెల్దన్నాను. ఆడు నన్ను ఎగాదిగా సూసి, అసలు మీకా మనిషి కావాలా అన్నాడు బావా!"

"ఏటన్నావు మరి?"

"ఆలోసించి సెప్తానన్నాను. ఈలోగా ఫోనొచ్చీసింది."

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న సన్యాసమ్మ నవ్వలేదు. తిట్టనూ లేదు. తిడితే అప్పలసూరికి బాగుండేది. ఆమె బత్తాయి ఒలిచి తొనలు ఒక్కొక్కటే అతని చేతిలో పెట్టింది, అంతే.

తిట్టే పని చుట్టాలు తీసుకున్నారు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ ఆమెనే అన్నారు. ఆడదానివి, ఎక్కడికెళ్తున్నాడో కనుక్కోవా అని. సన్యాసమ్మ అందరికీ ఒకటే జవాబు చెప్పింది.

"నానడగనేదు కాబట్టి మడమతో పోయింది. అడిగుంటే మనిషే పోయుండును."



కాలికి కట్టుతో ఇంట్లో పడి ఉన్న రోజుల్లో అతను ఆమెకి అంతా చెప్పాడు. ఇంక దాచడానికి ఏముంది? గాలి, గూళ్లు, నీటి చుక్క, చీకటి. ఆమె చింతపండు పిక్కలు తీస్తూ విన్నది.

"అయితే మావా, సీకటి సూడ్డానికి టికెట్టు కొనుక్కుని ఎల్తన్నావు."

"సీకటొకటే కాదే. సల్లగా ఉంటాది. సప్పుడుండదు."

"కరెంటు పోయినప్పుడు మనింట్లో నేదా సీకటి?"

"కరెంటు పోతే నువ్వు అరుస్తావు కదే."

"అదీ నిజమే" అంది, పిక్క పక్కకి పడేసి.

ద్వారకా నగర్‌లో ఒక కోచింగు సెంటరు ఆఫీసులో పనిచేసే యశస్విని ఫోను పట్టుకుని ఉపాయం చెప్పింది. నాన్న ఎక్కడున్నాడో అమ్మ ఫోనులో చుక్కలా కనబడేటట్టు పెట్టేస్తానంది. "అప్పుడు నువ్వడగక్కర్లేదమ్మా, చూసుకోవడమే."

"ఫోను సేత అడిగించినట్టే గదే అది. నా నోరైతేనేటి, ఫోను నోరైతేనేటి?"

"అయినా అక్కడ సిగ్నలుండదమ్మా" అన్నాడు అప్పలసూరి కూతురితో, ఎందుకో తేలిగ్గా ఊపిరి పీల్చుకుని.

అసలు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. కట్టు విప్పాక అతను మళ్లీ వెళ్తాడా? వెళ్లొద్దని సన్యాసమ్మ ఒక్కసారి అంటే అయిపోయేది. అతను ఆగిపోయేవాడు, అలాంటి మనిషే. ఆ మాట కోసం అతను రోజూ భయపడ్డాడు. ఆమె అనలేదు. కట్టు విప్పారు. షాపుకి వెళ్లడం మొదలుపెట్టాడు. రేకుల మోత మునుపటికన్నా గట్టిగా వినిపించింది. శనివారం సాయంత్రం టార్చిలో సెల్లులు మార్చి, ఆమె చూసేలా బల్ల మీదే ఉంచాడు. ఆమె చూసింది. బియ్యం చాట అందుకుంది.

ఆదివారం తెల్లారకముందే లేచి సంచి భుజాన వేసుకున్నాడు. గడప దగ్గర సన్యాసమ్మ చీర కట్టుకుని, తల దువ్వుకుని, చేతిలో గిన్నెల మూటతో నిలబడి ఉంది.

"ఏటిది?" అన్నాడు.

"పద."

"నువ్వెక్కడికే?" అనేసి నాలిక్కరుచుకున్నాడు.

"ఎక్కడికని అడక్కూడదు" అంది సన్యాసమ్మ. "ఎనకాల రాకూడదని మా యమ్మ ఎప్పుడూ సెప్పనేదు."

రైల్లో అతను కిటికీ పక్కన బిగదీసుకుని కూర్చున్నాడు. కోపం కాదది, భయం. ఈమెకి ఆ చోటు నచ్చకపోతే వచ్చే ఆదివారం నుంచి వెళ్లడం ఉండదు. నచ్చితే ఇంక అది అతనిది కాదు. కొండలరావు కుటుంబం, ఇంద్రజ, వీధి వీధంతా పులిహోర డబ్బాలతో ఆ గూళ్లలో కూర్చున్నట్టు కళ్లకి కట్టింది. ఎటు తిరిగినా పోయేది తనదే.

సన్యాసమ్మ విశాఖపట్నంలో ఇన్నేళ్లుండి ఘాట్ ఎక్కడం ఇదే మొదలు. రైలు మొదటి సొరంగంలో దూరగానే పెట్టెలో కుర్రాళ్లంతా ఓ అని అరిచారు. ఆమె ఉలిక్కిపడి అతని చెయ్యి పట్టుకుంది. రెండోదాంట్లో వదిలేసింది. మూడోదాంట్లో వాళ్లతో పాటు అరిచింది.

"ఓలమ్మ, బాగుంది గదా మావా! ఇన్నాళ్లూ ఒక్కడివే అరుసుకున్నావా?"

"నాను అరవను" అన్నాడు అతను.

పాత సొరంగం నోటి దగ్గర చల్లగాలి తగలగానే ఆమె చీర కొంగు కప్పుకుంది. అతను ముందు, ఆమె వెనక. ఆమె మాట ఆపలేదు. ఇదేటి, ఈ కన్నాలేటి, ఈ తెల్లగా కారినదేటి, సున్నమా, ఎవలు తవ్వారు, ఆలకి కూలెంత ఇచ్చేవారు. మలుపు తిరిగాక అతను ఆగి, "ఇప్పుడు లైటు ఆర్పుతాను, భయపడకు" అన్నాడు. ఆర్పాడు.

సన్యాసమ్మ మాట ఆగిపోయింది. నీటి చుక్క పడింది. మళ్లీ పడింది. ఆమె ఊపిరి అతనికి వినిపిస్తోంది. తమ పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె మెలకువగా ఉండి ఇంతసేపు మాట్లాడకుండా ఉండడం అతను ఎరగడు.

అప్పుడు ఏదో రెక్కలు టపటపలాడించుకుంటూ ఆమె తల మీంచి పోయింది.

"ఓరి నాయనో! లైటెయ్యి! ఎయ్యి మావా!"

లైటు వేశాడు. ఆమె జుట్టు దులుపుకుంటూ, ముక్కు మూసుకుని అతన్ని చూసింది. అయిపోయింది అనుకున్నాడు అప్పలసూరి.

"నువ్వు పడ్డదెక్కడ? సూపించు" అంది.

రాళ్ల దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె ఆ రాళ్లని పైనుంచి కిందికి చూసింది. గిన్నెలు కట్టుకొచ్చిన పాత చీర ముక్క విప్పి, దాన్ని నిలువునా చింపింది. రాళ్లకి బాగా ఇవతల, ఈ గోడన పొడుచుకొచ్చిన ఇనప మేకుకి ఒక కొస, ఆ గోడన గూటి రాయికి ఒక కొస కట్టమంది. అతను కట్టాడు. టార్చి వెలుగులో ఎర్రచీర ముక్క అడ్డంగా, బిగువుగా నిలబడింది.

"ఇది దాటితే నా మీద ఒట్టు."

"అవతల గాలొస్తందే. నోరు తెరుసుకుందేమో సూద్దామని..."

"గాలి ఇక్కడికీ వొస్తంది. ఇక్కడే పీల్సుకో."

ఒట్టు వేయడానికి అతనికి కాస్త సమయం పట్టింది. ఆ గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో ఇంక ఎప్పటికీ తెలియదన్నమాట. చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని తన నెత్తి మీద పెట్టుకుంది.

"ఇంక నాను బయట కూకుంటాను. ఈ కంపులో నా వల్ల కాదు. నువ్వు కూకో, నీకిష్టమైనంతసేపు. అన్నం ఉడికినాక కేకేస్తాను. కేకకి పలక్కపోతే నోపలికొచ్చి సెవి పట్టుకుని లాక్కెల్తాను."

"వారం వారం వొస్తావా?"

"రైల్లో అరవాలా వొద్దా?"

నోటి దగ్గర వెలుతుర్లోకి ఆమె వెళ్లిపోయింది. ఎవరో పలకరించడం వినబడింది. పోతమ్మ. మేకలు, మడమ, జీపు ఖర్చు, ఇంద్రజ, ఎద్దు. సన్యాసమ్మ మొదలుపెట్టిందంటే అన్నీ వస్తాయి. పుల్లలు విరిచే చప్పుడు, మూడు రాళ్లు సర్దే చప్పుడు. కొంచెం పొగవాసన లోపలికి వచ్చి పోయింది.

అప్పలసూరి తన గూట్లో కూర్చుని లైటు ఆర్పాడు. మునుపటి నిశ్శబ్దం కాదిది. ఆడవాళ్లిద్దరి మాటలూ గోడలకి తగిలి, మాటల రూపం పోయి, ఒట్టి గొణుగుడుగా వచ్చి చేరుతున్నాయి. నీటి చుక్క వినాలంటే ఇప్పుడు కాస్త చెవి పెట్టాలి. చెవి పెట్టాడు. వినబడింది. చల్లటి గోడకి వీపు ఆనించి కాళ్లు చాపుకున్నాడు.

"మావా! ఉడికీసింది! రా!"

సొరంగం ఆ కేకని లోపలికంటా మోసుకెళ్లి రాళ్ల దగ్గర దించింది.

"ఆ!" అని పలికాడు అప్పలసూరి. పలికి, లేవకుండా కూర్చున్నాడు. రెండో కేకకి ఇంకా వేళుంది.